ఎంట్రీ లెవెల్ క్రూయిజర్లు, బ్రాండ్ పిచ్చి: మన బెజవాడ, గుంటూరు రైడర్లు పదే పదే అడిగే ప్రశ్నలు

ఆదివారం తెల్లారకముందే బండ్లేసుకుని సూర్యలంక వైపో మంగినపూడి వైపో వెళ్లి, దారిలో ఇడ్లీ తిని, ఎండ ముదిరేలోపు ఇల్లు చేరే బ్యాచ్ మాది. కొత్తగా ఎవరు చేరినా అవే డౌట్లు, అదే వరసలో. టీ గ్లాసు పట్టుకుని చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇదంతా ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా ఉంటుంది, మీకు కావలసిందే చదువుకోండి. నా సంగతి ముందే చెప్పేస్తున్నా: బజాజ్ అవెంజర్ 220 ఏడేళ్లు నడిపాను, ఇప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 నడుపుతున్నాను, తెనాలిలో ఇంటి దగ్గర నాన్న పాత బుల్లెట్ ఉంది. పక్షపాతం లేదని చెప్పను, కాకపోతే అది రెండు మూడు వైపులా ఉంది.

## కొనాలా వద్దా అని ఊగుతున్నప్పుడు

బుల్లెట్, క్లాసిక్ కూడా క్రూయిజర్లే కదా అన్నా? తేడా ఏంటి?

కాదు. బుల్లెట్ మీద, క్లాసిక్ మీద మామూలు కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటాం. క్రూయిజర్ అంటే పడక్కుర్చీ. సీటు కిందికి దిగుతుంది, ఫుట్‌రెస్టులు ముందుకు జరుగుతాయి, హ్యాండిల్ మన మీదికి వస్తుంది, బండి పొడుగ్గా ఉంటుంది. క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, మీటియర్ 350ది 765, అవెంజర్ 220ది 737. ఈ ఒక్క కొలత చూసినా తెలిసిపోతుంది. హోండా హైనెస్ సీబీ350, హార్లే ఎక్స్440 కూడా చాలామంది క్రూయిజర్ల లెక్కలోనే వేసేస్తారు గానీ వాటి సీట్లు 800కి తగ్గవు, కూర్చునే తీరు కూడా మామూలు బండి తీరే.

ఎంట్రీ లెవెల్‌లో అసలు ఏమేం చూడాలి? చాంతాడంత లిస్టు వద్దు.

చిన్నదే. తక్కువ డబ్బులో అవెంజర్. రెండు లక్షల చుట్టుపక్కల మీటియర్ 350. అందరికంటే వేరుగా కనిపించాలంటే జావా 42 బాబర్ లేదా పెరాక్. కాళ్లు మరీ ముందుకు చాపడం ఇష్టం లేదు, లుక్ మాత్రం కావాలంటే టీవీఎస్ రోనిన్, హైనెస్. కవాసకి ఎలిమినేటర్, హోండా రెబెల్ 500 ఐదు లక్షలు దాటే బండ్లు, వాటిని ఎంట్రీ లెవెల్ అంటే మా నాన్న నన్ను ఇంట్లోంచి పంపించేస్తాడు. సుజుకి ఇంట్రూడర్, ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి.

నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. మీటియర్ ఆపగలనా?

పాదాలు ఆనతాయి, దాని గురించి టెన్షన్ వద్దు. చూసుకోవాల్సింది బరువు. మీటియర్ 191 కిలోలు, అవెంజర్ 220 దాదాపు 163. కదిలేటప్పుడు ఈ తేడా అసలు తెలియదు. తెలిసేది మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. మన బెజవాడ సెల్లార్లు తెలుసుగా, ర్యాంపు నిట్టనిలువుగా ఉంటుంది, కింద స్తంభానికీ స్తంభానికీ మధ్య ఆరు స్కూటీలు ఇరికించి ఉంటాయి, పొద్దున ఆఫీసు టైములో మీ బండిని వెనక్కి లాగి, హ్యాండిల్ తిప్పి, మళ్లీ ముందుకు తోసి, ఆ పొడుగాటి బండిని బయటికి తీయాలి. షోరూమ్‌లో బండెక్కి సెల్ఫీ దిగడం కాదు, ఇంజిన్ ఆపేసి, సీటు మీద కూర్చుని, కాళ్లతో పది అడుగులు వెనక్కి నెట్టి చూడండి. అక్కడ ఇబ్బంది పడితే ఇంటి దగ్గర రోజూ పడతారు.

బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో రోజూ ఆఫీసుకి పనికొస్తుందా?

పనికొస్తుంది, సరదాగా మాత్రం ఉండదు. బండి పొడుగు వల్ల యూటర్న్ ఒక్కసారిలో తిరగదు, ఆటోల సందుల్లోంచి దూరిపోవడం కుదరదు, కాళ్లు ముందు పెట్టి కూర్చుంటాం కాబట్టి ఆగిన ప్రతిసారీ కాలు వెనక్కి తీసి కింద పెట్టాలి. ఏలూరు రోడ్డులో సాయంత్రం ఆరింటికి మొదటి గేరు, క్లచ్, మొదటి గేరు, క్లచ్ అంటూ వెళ్తుంటే పక్కన యాక్టివా ఆంటీ దూసుకుపోతుంది, చూస్తూ ఉండటమే. ఊరికి దూరంగా ఉద్యోగం ఉండి మంగళగిరి వైపో గన్నవరం వైపో హైవే మీద వెళ్లేవాళ్లకైతే రోజూ హాయి. ఇంట్లో స్కూటీ ఉంటే సిటీ పనులకి దాన్నే వాడండి, నేనూ అదే చేస్తాను.

350 సీసీ దాటితే ట్యాక్స్ బాగా ఎక్కువట, నిజమేనా?

నిజమే, ఇప్పుడు బండి ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సిన లెక్క ఇదే. 2025 సెప్టెంబరు 22 నుంచి, అంటే ఆ ఏడాది అమ్మవారి శరన్నవరాత్రులు మొదలైన రోజు నుంచే, 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. 350 దాటిన వాటికి అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది, అది 40 అయింది. పాత ధర రెండు లక్షలున్న 349 సీసీ బండికి లెక్కేస్తే ఒక్క జీఎస్టీలోనే 15 వేల పైచిలుకు తగ్గినట్టు. మీటియర్ 349 సీసీ, హైనెస్ 348, జావా బాబర్లు 334, అన్నీ గీతకి ఇవతలే. ఎక్స్440 పేరులోనే ఉంది, అది అవతల. ఈ గీత పడ్డాక మా బ్యాచ్‌లో 440 కొందామనుకున్న ఇద్దరు వెనక్కి తగ్గారు.

మైలేజీ ఎంతిస్తుంది?

మాకు వచ్చినంతవరకు అవెంజర్ 220 లీటరుకి 35 నుంచి 40, మీటియర్ 30 నుంచి 35. లీటరు పెట్రోలు 110కి అటూఇటూ ఉన్న ఊళ్లో ఇది మొదటి ప్రశ్న అయితే మాత్రం క్రూయిజర్ మీకు కాదు, హోండా షైన్ కొనుక్కోండి.

అమ్మ, మా ఆవిడ వెనక కూర్చోగలరా? ఇంట్లో దీని మీదే గొడవ.

గొడవలో న్యాయం ఉంది. క్రూయిజర్లని ముందు కూర్చునేవాడి కోసం గీస్తారు, వెనక సీటు తర్వాత గుర్తొచ్చినట్టు ఉంటుంది. మీకు కింద పడక్కుర్చీ, వెనక వాళ్లకి చిన్న పీట. గతుకు వస్తే వెనక షాకబ్జార్ల దెబ్బంతా వాళ్లకే.

మా అమ్మ చీరలో ఒక పక్కకి కూర్చుంటుంది. ఆమెకి కావలసినవి మూడు: పట్టుకోవడానికి గట్టి కడ్డీ, రెండు పాదాలూ ఆనేంత వెడల్పున్న ఫుట్‌రెస్ట్, చక్రంలో కొంగు పడకుండా చీర గార్డు. స్టైల్ పోతుందని చీర గార్డు ఊడబీకించే కుర్రాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది, అది అలంకారానికి పెట్టింది కాదు. రెండు కాళ్లూ చెరో పక్క వేసి కూర్చునేవాళ్లయితే వెనక ఆనుకునే బ్యాక్‌రెస్ట్ పెట్టించండి, మీటియర్ సూపర్‌నోవాకి కంపెనీయే ఇస్తుంది, దాంతో చాలా తేడా ఉంటుంది. ఇంకొకటి, జావా పెరాక్, 42 బాబర్ ఒంటి సీటు బండ్లు. బుక్ చేసి, డెలివరీ రోజు భార్యని తీసుకెళ్లి, అక్కడ నాలుక కరుచుకున్న మనిషి మాకు తెలుసు. అందుకే టెస్ట్ రైడ్‌కి వెనక కూర్చునే మనిషిని కూడా తీసుకెళ్లండి, ఓకే చెప్పాల్సింది వాళ్లు.

## షోరూమ్‌లో

టెస్ట్ రైడ్‌లో ఏం చూడాలి? వాళ్లు రెండు వీధులు తిప్పి తీసుకొచ్చేస్తున్నారు.

అరగంట కావాలని అడగండి, ఎండపూట వెళ్తే రద్దీ ఉండదు, ఇస్తారు. నాలుగు పనులు చేయండి. ఇరుకు వీధిలో యూటర్న్. వరసగా మూడు స్పీడ్ బ్రేకర్లు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాలుగో గేరులోనే ఉంచి చూడటం, లాగుతుందా గొణుగుతుందా తెలుస్తుంది. చివరగా హైవే సర్వీసు రోడ్డు మీద 80కి తీసుకెళ్లి అద్దంలో చూడండి. వెనక లారీ స్పష్టంగా కనపడితే సరే, అదిరిపోయి రెండు లారీలుగా కనిపిస్తే ఆ వైబ్రేషనే మీ అరచేతుల్లోకీ వస్తుంది. మీటియర్ ఇంజిన్‌లో అదురు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు కాబట్టి పాత ఎన్‌ఫీల్డ్ నడిపినవాళ్లు మొదటిసారి ఎక్కితే బండి స్టార్టయిందా లేదా అని కిందికి చూస్తారు.

ఆన్‌రోడ్ ధరలో ఏమేం కలిపేస్తారు? ఎక్కడ తగ్గించమనాలి?

కొటేషన్ కాగితం మీద రాసి ఇమ్మనండి, నోటి లెక్క వద్దు. ఎక్స్‌షోరూమ్, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, ఇన్సూరెన్స్, ఇవి నాలుగూ తప్పవు. కొత్త బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఐదేళ్లది తీసుకోవాల్సిందే, 2018 సెప్టెంబరు నుంచి అదే రూలు. అయితే ఆ పాలసీ షోరూమ్ వాడి దగ్గరే కొనాలని మాత్రం ఎక్కడా లేదు. బయట అదే కవరేజీకి రేటు అడిగి, ఆ కాగితం వాళ్ల టేబుల్ మీద పెట్టండి, వెంటనే తగ్గుతుంది. బండితో పాటు హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, అడిగి తీసుకోండి.

నాకు ఎదురైంది చెబుతా. ఒక షోరూమ్‌లో బిల్లు చివర ‘హ్యాండ్లింగ్’ అని కొన్ని వేలు వేశారు. ఇదేంటమ్మా అంటే బండిని స్టాక్ యార్డు నుంచి ఇక్కడికి తెచ్చాం కదండీ అంది ఆ అమ్మాయి. మరి నేను యార్డుకే వచ్చి తీసుకుంటా అన్నాను. మేనేజర్ వచ్చి, టీ తెప్పించి, ఆ లైను కొట్టేశాడు. గార్డు, సీటు కవర్, మ్యాట్ ఫినిష్ పాలిష్ లాంటివి ‘ప్యాకేజీ’ అంటారు, అందులో లెగ్ గార్డు ఒక్కటే పనికొచ్చేది, మిగతావి ఆటోనగర్‌లో సగం ధరకి దొరుకుతాయి.

దుర్గమ్మ గుడి దగ్గర పూజకి అదే రోజు వెళ్లాలా? నంబర్ రాకుండా వెళ్లొచ్చా?

వెళ్లండి, టెంపరరీ రిజిస్ట్రేషన్ కాగితం జేబులో పెట్టుకోండి. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు క్లచ్ నెమ్మదిగా వదలండి. కొత్త బండి, పైగా తక్కువ ఆర్పీఎంలోనే గట్టిగా లాగే ఇంజిన్, చుట్టూ చుట్టాలు.

## నడపడం మొదలెట్టాక

క్రూయిజర్ అంటే హాయి అన్నారు, నాకు నడుము నొప్పి వస్తోందేంటి?

చాలామందికి మొదటి నెలలో వచ్చేదే, కారణం కూడా కూర్చునే తీరులోనే ఉంది. మామూలు బండి మీద గతుకు వస్తే ఫుట్‌రెస్ట్‌ల మీద కాళ్లు ఒత్తి కొంచెం లేస్తాం, దెబ్బ మోకాళ్లు తింటాయి. ఇక్కడ కాళ్లు ముందుకు చాపి ఉంటాయి, లేవలేం, ఒంటి బరువంతా తుంటి మీదే, గతుకు దెబ్బ నేరుగా వెన్నులోకి. మంచి రోడ్డు మీద ఇదే పొజిషన్ స్వర్గం, వానాకాలం అయ్యాక మన లోపలి రోడ్ల మీద నరకం.

చేయాల్సినవి: గుంటని ముందే చూసి వేగం తగ్గించడం, దాన్ని ‘ఎగిరించేద్దాం’ అనే అలవాటు మానేయడం. వెనక షాకబ్జార్ ప్రీలోడ్ (స్ప్రింగు బిగింపు) మీ బరువుకి తగ్గట్టు మార్చుకోండి, మీటియర్‌కి ఆరు మెట్లున్నాయి, షోరూమ్ నుంచి ఎలా వస్తే అలాగే ఏళ్ల తరబడి నడిపేవాళ్లు ఎందరో. ఒక్కరే తిరిగేవాళ్లు తగ్గించుకోవాలి, ఇద్దరెక్కితే పెంచాలి. టూల్ కిట్‌లో కొక్కెం స్పానర్ ఉంటుంది, రెండు నిమిషాల పని, రెండు పక్కలా ఒకే మెట్టు ఉండేట్టు చూసుకోండి. వీపు వంచి కూలబడకుండా పొట్ట బిగించి కూర్చోండి. గంటకోసారి దిగండి. మూడు నెలలైనా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి, సీటు కుషన్ల మీద డబ్బు తగలేయకండి.

హైవే మీద ఎంతలో వెళ్లాలి? వందకి పైన పోనివ్వట్లేదు నా బండి.

అది అలాగే తయారైంది. అవెంజర్, మీటియర్ 20 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఇంజిన్లు, మీటియర్‌ది పొడుగు స్ట్రోకు, 27 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) నాలుగు వేల ఆర్పీఎంలోనే వచ్చేస్తుంది. 80, 85 దగ్గర ఉంచితే రోజంతా గొణుక్కుంటూ పోతుంది. పైగా కాళ్లూ చేతులూ చాపుకుని కూర్చుంటాం కాబట్టి గాలి ఛాతీ మీద తెరచాప మీద కొట్టినట్టు కొడుతుంది, 100 దాటితే హ్యాండిల్‌ని పట్టుకుని వేలాడుతున్నట్టు ఉంటుంది. కృష్ణ మీద వారధి దాటేటప్పుడు పక్కగాలికి బండి ఒక్కసారి జరుగుతుంది, కంగారుపడి బిగబట్టకండి, చేతులు వదులుగా ఉంచితే అదే సర్దుకుంటుంది. స్పీడే కావాలంటే ట్రయంఫ్ స్పీడ్ 400 లాంటివి ఉన్నాయి, అది వేరే సరదా.

మే నెలలో ఇంజిన్ వేడికి పిక్కలు కాలిపోతున్నాయి. నా బండి ఒక్కటే ఇలా ఉందా?

గుంటూరు ఎండలో గాలితో చల్లబడే ఇంజిన్ పక్కన కాలు పెడితే కాలుతుంది, కంపెనీ ఏదైనా. పొట్టి ప్యాంట్లతో నడపొద్దు. నిమిషం దాటి ఆగే సిగ్నల్ అయితే ఆపేయండి. ఆయిల్ లెవెల్ వారానికోసారి గాజు కన్నంలో చూసుకోండి, బండి నిటారుగా నిలబెట్టి. ఇంకా ఎక్కువ అనిపిస్తే పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత.

స్పోక్ చక్రాలా, అల్లాయా?

అల్లాయ్. ఫొటోల్లో స్పోక్ అందంగా ఉంటుంది, కాదనను. మా వాడొకడు స్పోక్ చక్రాల బండితో హంసలదీవి నుంచి వస్తూ చీకటిపడ్డాక వెనక ట్యూబు పంక్చరై ఆగిపోయాడు. ట్యూబ్‌లెస్ అయితే గాలి మెల్లగా పోతుంది, ఎక్కడికక్కడ దారం ముక్క గుచ్చి గాలి కొట్టి వచ్చేస్తాం. ట్యూబు టైరు అలా కాదు, చక్రం ఊడదీయాలి, సెంటర్ స్టాండ్ ఉండాలి, పంక్చర్ షాపు ఉండాలి. చుట్టూ చేపల చెరువులు, దోమలు, ఒక్క లైటు లేదు. చివరికి టాటా ఏస్ ఎక్కించుకుని అవనిగడ్డ దాకా తెచ్చారు. ఇప్పుడు వాడు కూడా అల్లాయే అంటాడు.

సర్వీసు షోరూమ్‌లోనా, బయట మెకానిక్ దగ్గరా?

వారంటీ ఉన్నన్నాళ్లు షోరూమ్‌లోనే, బిల్లులన్నీ దాచుకోండి. ఆ తర్వాత మీ ఇష్టం. అయితే ఇప్పటి బండ్లు బీఎస్6, ఫ్యూయెల్ ఇంజెక్షన్, ఏబీఎస్, సెన్సార్లు. చెవి ఆనించి ట్యాపెట్ మోత చెప్పే పెద్ద మేస్త్రీకి కూడా స్కానర్ లేకపోతే ఏమీ చేయలేని రోజులు. స్కానర్ ఉందా అని ముందే అడగండి. చైన్‌కి 500 కిలోమీటర్లకోసారి మీరే శుభ్రం చేసి లూబ్ కొట్టుకోండి, అది ఎవరి దగ్గరికీ తీసుకెళ్లాల్సిన పని కాదు.

సైలెన్సర్ మార్చిస్తే సౌండ్ అదిరిపోతుంది కదా?

మన రాష్ట్రంలో పోలీసులు అలాంటి సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. వారంటీ గొడవ వేరే. పక్కింట్లో పసిపిల్లలుంటారు, ముసలివాళ్లుంటారు. నా ఓటు వద్దనే.

## బ్రాండ్ గోల

ఎన్‌ఫీల్డ్ వాళ్లకి అంత పొగరెందుకు?

పొగరు అనుకుంటే పొగరు, వారసత్వం అనుకుంటే వారసత్వం. ఆ కంపెనీ ఇంగ్లండ్‌లో పుట్టింది గానీ మనకి అది మద్రాసు బండి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది, తిరువొత్తియూర్‌లో తయారీ. ఇంగ్లండ్‌లో కంపెనీ మూతబడినా ఇక్కడిది ఆగలేదు. 1994లో ఐషర్ చేతికి వచ్చింది. పోలీసులకీ మిలిటరీకీ అదే బండి. మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో దాని హోదా వేరే. పొగాకు, మిర్చి నాలుగు డబ్బులు మిగిల్చిన ఏడు పెద్ద రైతు కొనేది బుల్లెట్టే. డీజిల్ బుల్లెట్ అని ఒకటుండేది, పొలం గట్ల మీద డుగుడుగుమంటూ తిరిగేది, దానికి మైలేజీ చూసుకుని మురిసిపోయేవాళ్లు. ఊళ్లో ఆ మోత వినపడితే ఎవరొస్తున్నారో చూడకుండానే చెప్పేవాళ్లు.

అంచేత ఇప్పుడు మీటియర్ కొన్న ఇరవై రెండేళ్ల కుర్రాడు బండితో పాటు తాతగారి మీసం కూడా కొన్నాననుకుంటాడు. అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ మీసం పేరు చెప్పి పక్కవాడి అవెంజర్‌ని ఎగతాళి చేస్తే మాత్రం మా బ్యాచ్‌లో టీ ఖర్చు వాడిదే.

అవెంజర్‌ని ఎందుకంత చులకనగా చూస్తారు?

చౌక కాబట్టి, పల్సర్ పక్కన అమ్ముతారు కాబట్టి. దాని పుట్టుక చాలామందికి తెలియదు. 2001లో కవాసకితో కలిసి బజాజ్ తెచ్చిన ఎలిమినేటర్ 175 దాని పెద్దన్న, ఆ ఒంటికే ఇక్కడి ఇంజిన్ పెట్టి 2005లో అవెంజర్ చేశారు. తర్వాత 200, 2010లో 220. మామూలు జీతగాడు క్రూయిజర్ ఎక్కగలిగాడంటే ఈ బండి చలవే. ఏడేళ్లలో నా అవెంజర్ మీద లేపాక్షి, శ్రీశైలం, అరకు అన్నీ చూశాను. స్పేర్ లేదన్న మాట ఏ చిన్న ఊళ్లోనూ వినలేదు. బ్రేకులు, ఫినిషింగ్, వెనక సీటు విషయంలో మీటియర్ మెరుగు, ఆ మాట ఒప్పుకుంటాను.

జావా పాతవాళ్లు కొత్త జావాని ఎందుకు ఒప్పుకోరు?

వాళ్లు ప్రేమించింది మైసూరులో 1961 నుంచి 1996 దాకా నడిచిన ఫ్యాక్టరీ బండిని. రెండు సైలెన్సర్లు, టూ స్ట్రోక్ పొగ, ఒకే కడ్డీ కిక్కూ గేరూ రెండూ. 2018లో తిరిగొచ్చింది ఫోర్ స్ట్రోక్, లిక్విడ్ కూలింగ్ ఇంజిన్. పేరొకటే, చప్పుడు వేరు. పాత ప్రేమని పక్కన పెట్టి నడిపితే బాబర్ సిటీ బయట చాలా చురుకైన బండి. కొనేముందు సర్వీసు సెంటర్ మీ ఇంటికి ఎంత దూరమో మాత్రం చూసుకోండి.

ఎక్స్440 నిజమైన హార్లేనేనా, హీరో బండా?

ట్యాంకు మీద పేరు హార్లేది, తయారీ హీరోది, 2023లో వచ్చింది. 2020లో హార్లే ఇక్కడ సొంత ఫ్యాక్టరీ మూసుకున్నాక హీరోతో కుదిరిన ఒప్పందం ఫలితం ఇది. ‘నిజమైన’ హార్లే కాదని వెక్కిరించేవాళ్లలో నిజమైన హార్లే ఉన్నవాళ్లు మాకు ఒక్కరూ కనపడలేదు. 38 న్యూటన్ మీటర్ల టార్క్, బాగా లాగుతుంది. కాళ్లు చాపుకునే క్రూయిజర్ మాత్రం కాదు.

ఒకే బ్రాండ్‌ని పట్టుకుని ఉండాలా? మీరైతే మార్చేశారు కదా.

మార్చాను, కానీ మెకానిక్‌ని మార్చలేదు. మా వాళ్లలో బ్రాండ్ అభిమానం అని చెప్పుకునేదాన్ని కొంచెం గీకి చూస్తే కింద ఇంకేదో ఉంటుంది. ఒకడికి నాన్న బండి. ఇంకొకడికి మొదటి జీతం. పాతబస్తీ చదువుల రోజుల్లో స్నేహితుడి బండి వెనక కూర్చుని తిరిగినది ఇంకొకడికి. ఎక్కువమందికి మాత్రం ఒక మనిషి: రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసినా ‘తీసుకురా చూద్దాం’ అనే ఆటోనగర్ మేస్త్రీ. ఆయన చేతికి అలవాటైన కంపెనీయే మనకి మంచి కంపెనీ.

దీన్ని తప్పనను. సరిగ్గా చూస్తే అదే తెలివైన లెక్క. మా స్నేహితుడు కొన్నేళ్ల క్రితం ఒక విదేశీ పేరున్న క్రూయిజర్ కొన్నాడు, చూడటానికి రాజాలా ఉండేది, సిగ్నల్ దగ్గర అందరూ అద్దాలు దించి అడిగేవాళ్లు. కొన్నాళ్లకి ఆ కంపెనీ దేశంలో దుకాణం సర్దేసింది. క్లచ్ కేబుల్ పోతే వేరే బండి కేబుల్‌ని కోసి, బద్ద అతికించి వేశాడు మేస్త్రీ, ఆ పని చేస్తూ ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కాబట్టి బ్రోచర్‌లో హార్స్‌పవర్ చదివే ముందు మీ మేస్త్రీ దగ్గరికెళ్లి రెండే అడగండి: ఈ బండి నీ దగ్గరికి ఎన్నొస్తాయి, దీని స్పేర్లు ఎన్ని రోజుల్లో తెప్పిస్తావు? రెండో ప్రశ్నకి ఆయన పైకి చూసి ఆలోచించాడంటే ఇంకో బండి చూసుకోండి. కంపెనీకి మీరు ఎంత విశ్వాసంగా ఉన్నా మోడల్ ఆపేసే రోజు మిమ్మల్ని అడగదు.

వేరే కంపెనీ బండితో మీ రైడ్‌కి రావచ్చా?

రండి. హెల్మెట్ ఉండాలి, మందు వాసన ఉండకూడదు.

## అమ్మేటప్పుడు

రీసేల్ దేనికి బాగుంటుంది?

మన వైపు ఎన్‌ఫీల్డ్‌కే, అందులో వాదన లేదు. అవెంజర్ తక్కువకి పోతుంది గానీ కొన్నదీ తక్కువకే. ఏది అమ్మినా ఫారం 29, 30 సంతకాలు పెట్టి చేతులు దులుపుకోకండి, పేరు మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూసేదాకా ఆ బండి మీదే. లోను ఉండి తీరిపోతే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి ఆర్‌సీలో హైపోథెకేషన్ (బ్యాంకు తాకట్టు) ఎంట్రీ తీసేయించుకోండి, ఇది మరిచిపోయి బేరం చెడగొట్టుకున్నవాళ్లు చాలామంది.

నాన్న పాత బుల్లెట్ ఉంది, వాడట్లేదు. అమ్మేయమంటారా?

డబ్బు అవసరం లేకపోతే ఉంచండి. ఊరికే కవరు కప్పి పెడితే మాత్రం పాడవుతుంది. ట్యాంకు నిండుగా ఉంచండి, లేకపోతే లోపల తుప్పు పడుతుంది. పదిహేనేళ్లు దాటితే ఆర్‌సీ రెన్యువల్ చేయించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. వారానికోసారి స్టార్ట్ చేసి ఒక చుట్టు తిప్పాలి.

మా ఇంట్లో ఆ పని ఆదివారం రైడ్ నుంచి వచ్చాక. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి, కాబట్టి మీటియర్ దిగిన పది నిమిషాలు నా కాళ్లకి ఏదీ గుర్తుండదు. కిక్ రాడ్‌ని మెల్లగా నొక్కుతూ ట్యాంకు ముందున్న అమ్మీటర్ ముల్లు సరిగ్గా మధ్యకి వచ్చేదాకా ఆగాలి, డీకంప్రెషన్ లివర్ పట్టి ఇంకొంచెం దించాలి, లివర్ వదిలేసి అప్పుడు ఒక్క తన్ను. నేను తంతే మూడోసారికో నాలుగోసారికో అంటుకుంటుంది. అరుగు మీద పేపర్ చదువుతున్న నాన్న రెండో తన్నుకే కళ్లజోడు తీసి పక్కన పెడతాడు.